పవర్‌ప్లేలో పసుపు బేరం

ఐపీఎల్‌ను మార్చి నెలాఖర్లో మొదలుపెట్టేవాళ్లకు పసుపు సంగతి తెలియదు. తొమ్మిది నెలల పంటను తవ్వి, ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టి మార్కెట్‌కు తోలే కాలం కూడా అదే. కాబట్టి ఆర్మూర్‌లో, మామిడిపల్లి చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో పొద్దున్నే రెండు ముచ్చట్లు నడుస్తాయి. నిజామాబాద్ యార్డులో నిన్న కొమ్ము ఎంత పలికింది? సన్‌రైజర్స్ నిన్న ఎందుకట్లా ఆడింది? మొదటిదానికి జవాబు అడ్తిదారు దగ్గర ఉంటుంది. రెండోదానికి అందరి దగ్గరా ఉంటుంది.

తగువంతా డేనియల్ వెట్టోరీ గురించి. తాను ఆడిన రోజుల్లో పరుగులివ్వడంలో పిసినారితనం చూపిన స్పిన్నర్ ఆయన. 2024 సీజన్‌కు సన్‌రైజర్స్ కోచ్‌గా వచ్చి, కెప్టెన్ కమిన్స్‌తో కలిసి బ్యాటర్ల చేతికి తాళాలిచ్చేశాడు. ఆ ఏడే ముంబై మీద 277, బెంగళూరు మీద 287, ఢిల్లీ మీద మొదటి ఆరు ఓవర్లకే వికెట్ పోకుండా 125.

మా పెద్దబాపుకు ఈ ఆట ప్రాణం. "కొట్టాలె! ఆరు ఓవర్లు భయపడ్డోడు ఇరవై ఓవర్లూ భయపడ్తడు" అంటాడు. ఇంత ధైర్యం చెప్పే ఈ మనిషి, రేటు ఇంకా పెరుగుతుందని, మూడేళ్ల పసుపును కోల్డ్ స్టోరేజీలో దాచాడు. అద్దె కడుతూనే ఉన్నాడు. సాంగ్లీకి తోలుదామా అని ప్రతి ఏడూ లారీ బేరం చేస్తాడు, లారీని మాత్రం పిలవడు.

ఎదుటి పార్టీకి నాయకుడు మా వాడకట్టు కుర్రాడు. "వికెట్ కాపాడుకోవాలె పెద్దబాపూ, పిచ్ చూసి ఆడాలె" అని ఓపిక మీద ఉపన్యాసమిస్తాడు. తానేమో యార్డులో కుప్ప పోసీపోయకముందే మొదటి రేటుకు అమ్మేసి, ట్రాక్టర్ కిస్తీ కట్టి, మధ్యాహ్నానికి ఇంట్లో పడుకుంటాడు.

"పిచ్ చూసుడేందిరా, పెండ్లిచూపులా?" అని పెద్దబాపు కసిరేవాడు.

2024 మే 26న చెపాక్‌లో ఫైనల్. పందెం అంకాపూర్ నాటుకోడి కూర. ఎదుటి జట్టు బౌలర్ స్టార్క్ మొదటి ఓవర్లోనే అభిషేక్ శర్మ వికెట్టు ఎగిరింది, రెండో ఓపెనర్ హెడ్ ఆడిన మొదటి బంతికే వెళ్లాడు, జట్టు 113కు ఆలౌట్. కోడికూర ఓపిక పార్టీ తిన్నది. మరుసటేడు మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టేసరికి పెద్దబాపు 300 లెక్క మొదలుపెట్టాడు. ఆ తర్వాత వరసగా నాలుగు ఓటములు. ఆయన హోటల్‌కు రావడం మానేశాడు, మోకాళ్ల నొప్పులని చెప్పాడు. పంజాబ్ మీద అభిషేక్ 55 బంతుల్లో 141 బాది 246 లక్ష్యాన్ని దాటించిన మర్నాడు మోకాళ్లు నయమయ్యాయి.

డల్లాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఈ తగువులోకి ఫోన్లో దూరాడు. అమెరికా ఫుట్‌బాల్‌లో దాడి ఎట్లా చేయాలో చెప్పడానికే వేరే కోచ్ ఉంటాడట. ఆ మాట ఆటగాడి హెల్మెట్‌లోనే వినబడుతుందట. గడియారంలో 15 సెకన్లు మిగలగానే లైన్ కట్టట. అక్కడి అభిమానులు కూడా ఆ కోచ్‌ను మనలాగే తిడతారట. పెద్దబాపుకు తిట్లు అర్థమయ్యాయి కానీ లైన్ కట్ చేయడం అర్థం కాలేదు. "మాట నడిమిట్ల ఎవడన్న కట్ చేస్తడారా?" మా హోటల్లో అట్లాంటి ఏర్పాటు ఉంటే చాయ్ అమ్మకం సగానికి పడిపోతుంది.

నిజానికి దూకుడు మాకేమీ కొత్త కాదు. పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కావాలని 2019 లోక్‌సభ ఎన్నికల్లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచిన నిజామాబాద్ ఇది. మొత్తం 185 మంది అభ్యర్థులు. బూత్‌లో ఈవీఎంలు వరసగా పేరిస్తే ఓటరు తన గుర్తు వెతుక్కోవడానికే ఓ షికారు చేయాల్సి వచ్చింది. 2025 జనవరిలో బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. "చూసినవా, కొట్టినం, వచ్చింది" అన్నాడు పెద్దబాపు. "ఆరేండ్లు ఆగినం, గందుకే వచ్చింది" అన్నాడు కుర్రాడు. ఇద్దరూ ఒక్క విజయాన్ని చెరో ఆటతీరుకు రాసుకున్నారు. ఆ రోజు చాయ్ పైసలు నేనిచ్చాను.

మొన్న ఉండబట్టలేక అడిగాను. "పెద్దబాపూ, ఇన్ని సిక్సర్లు కొట్టమంటవు గదా, కోల్డ్ స్టోరేజీల పసుపు ఎప్పుడు కొడ్తవ్?"

ఆయన సాసర్లో చాయ్ పోసుకుని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"గట్లెట్ల కొడుకా! పిచ్ చూడద్దా?"