ఊఁ కొట్టేవాళ్లు కావలెను

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర చాయ్ తాగుతున్నప్పుడో, మానేరు డ్యామ్ కట్ట మీద పొద్దున్నే నడుస్తున్నప్పుడో, ఆదిలాబాద్ పత్తి మార్కెట్ ముందు బండి వెనక బండి కదలకుండా నిలబడ్డప్పుడో ఒక మనిషి తగులుతాడు. ఒక చెవిలో తెల్లటి గుండీ ఉంటుంది. రెండో చెవిని లోకం కోసం ఖాళీగా ఉంచుతాడు గానీ దానితో వినేది తక్కువే. మంచిగున్నవా, పిల్లలు ఏం చదువుతున్నరు అనే మర్యాదలన్నీ దాటేసి నేరుగా అసలు సంగతికొస్తాడు: "అన్నా, మొన్న పంపింది ఇన్నవా?" వినలేదన్న జవాబు మన మొహంలోనే కనబడిపోతుంది. అతను కోపగించుకోడు, జాలిపడతాడు. "మొదలు జర సప్పగుంటదే. నలభై రెండో నిమిషం దాక ఓపిక పట్టు. ఆడికెళ్లి లేస్తది సూడు!" ఆ నలభై రెండో నిమిషం దాకా పోయి తిరిగొచ్చి సాక్ష్యం చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. మనం "ఇంట తియ్యి" అంటాం. ఈ ప్రాంతంలో "రేపిస్త" అన్న మాటకు ఎంత విలువుందో "ఇంట తియ్యి"కీ అంతే ఉంది. అయినా అతను నమ్ముతాడు. నమ్మి, ఇంటికి పోయేలోపు ఇంకో రెండు పంపిస్తాడు. అసలు పేరు ఏదైనా కానీ, ఊరూరా ఒకడున్నాడు కాబట్టి ఇతణ్ని ఇన్నవా అన్న అని పిలుచుకుందాం.

ఇతను పంపే సరుకు పేరు పాడ్‌కాస్ట్. ఆ మాట 2004లో బెన్ హామర్‌స్లే అనే బ్రిటిష్ విలేఖరి గార్డియన్ పత్రికకు రాసిన వ్యాసంలో పుట్టింది. ఐపాడ్ నుంచి సగం, బ్రాడ్‌కాస్ట్ నుంచి సగం తెచ్చి అతుకు పెట్టాడు. 2022లో యాపిల్ కంపెనీ ఐపాడ్ తయారీనే ఆపేసింది. పాడ్ పోయింది, క్యాస్టు మిగిలింది. చాయ్ హోటల్‌లో ఈ మాట కొత్తగా విన్న పెద్దమనిషి "అది ఏ క్యాస్టు బిడ్డా?" అని అడిగాడంటే తప్పు పట్టడానికి లేదు, మన దగ్గర చివరికి మిగిలేది ఎప్పుడూ అదే. 2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా ఒక్క జీబీని నెలంతా నెయ్యిలా వేలి కొసతో తీసి వాడుకున్న జనం మనం. ఆ తర్వాత ఇన్నవా అన్నకు చెరువు తెగింది. కౌముది పత్రిక సంపాదకుడు కిరణ్‌ప్రభ అమెరికాలో కూర్చుని ఒక్క గొంతుతో సాగించే టాక్ షోలు, కథకులనూ అనువాదకులనూ కదిలించే హర్షణీయం, పుస్తకాలు చదివి వినిపించే దాసుభాషితం, నాలుగు మాటల్లో జీవితాన్ని తేల్చేసే పూరీ జగన్నాథ్ మ్యూజింగ్స్ అతని ఫోన్‌లో ఒకే వరుసలో ఉంటాయి. వాటి పక్కనే బోరు ఎక్కడ వేయాలి, పీఎఫ్ ఎలా తీసుకోవాలి, పొద్దున నాలుగింటికి లేస్తే కోటీశ్వరులు ఎలా అవుతారు అనేవీ ఉంటాయి. మనిషిని చూసి మందిచ్చే వైద్యుడు కాదితను. సింగరేణిలో రిటైరై గోదావరిఖనిలో మనవళ్లను ఆడించుకుంటున్న తాతకు స్టార్టప్ పెట్టుబడుల ముచ్చట పంపిస్తాడు. నెల కింద పెళ్లయిన పిల్లాడికి మోకాళ్ల నొప్పుల మీద రెండు గంటల చర్చ పంపిస్తాడు. తాను మాత్రం అన్నీ ఒకటిన్నర వేగంతో వింటాడు. గంటసేపటి మాటల్లో ఇరవై నిమిషాలు ఎలా మిగుల్చుకున్నాడో మనకు చెప్పడానికి ముప్పావుగంట తీసుకుంటాడు.

ఇతణ్ని చూసి నవ్వడం తేలిక. ఎందుకిలా తయారయ్యాడని అడిగితే లోకం దగ్గర రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి: ఒకటి గొప్పల కోసమని, రెండు పనిలేక అని. రెండూ చాలవు. పనిలేనివాడు తాను విని ఊరుకుంటాడు, మన వెంట పడడు. గొప్పల కోసమే అయితే ఇంగ్లిష్ ప్రొఫెసర్ల ఉపన్యాసాలు మాత్రమే పంపాలి గానీ పాము కాటుకు ప్రథమ చికిత్స ఎందుకు పంపుతాడు? అతని ప్రశ్నను మళ్లీ ఒకసారి గమనించండి. "బాగుందా?" అని కాదు, "ఇన్నవా?" అంటాడు. మన అభిప్రాయం అతనికి అక్కర్లేదు, మన చెవి కావాలి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే మన నోటి నుంచి ఒకే ఒక్క అక్షరం కావాలి. ఊఁ.

తెలుగువాడికి కథ చెప్పడమంటే ఎదుటివాడు ఊఁ కొట్టాల్సిందే. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. మంచంలో పిల్లాడు నిద్రపోయాడని అమ్మమ్మకు తెలిసేది అలాగే. ఈ ప్రాంతంలో ఊఁ కొట్టడం ఒక ఉద్యోగం కూడా. మల్లన్న కథో బీరప్ప కథో చెప్పే ఒగ్గు కళాకారుడు ఒంటరిగా నిలబడడు. పక్కన ఒకడుంటాడు. చెప్పిన మాటను అందుకుని, "అట్లనా!" అని ఆశ్చర్యపడి, తెలిసిన సంగతినే తెలియనట్టు అడిగి, నడుమ నడుమ నవ్వించి కథను ముందుకు తోస్తాడు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట జ్ఞానపీఠం అందుకున్న సినారె పుట్టిన ఊరు. ఒగ్గుకథకు పేరు తెచ్చిన మిద్దె రాములుదీ అదే ఊరు. ఒకే ఊరి మట్టిలోంచి రాసే కవీ, చెప్పే కథకుడూ ఇద్దరూ లేచారంటే వినే చెవులు అక్కడ ఎంత పదునుగా ఉండి ఉండాలి! ఆదిలాబాద్ వైపు వెళ్తే ఇది ఇంకా గట్టి ఏర్పాటు. గోండుల వంశకథలు పాడే పర్ధాన్లకు ఒక్కొక్క గోండు ఇంటిపేరుతో తరతరాల సంబంధం ఉంది. కింగ్రి అనే తంత్రీవాద్యం పట్టుకుని పోషకుల ఇంటికొచ్చి పూర్వీకుల గాథ పాడతారు. వినడం, కానుక ఇవ్వడం ఆ ఇంటివాళ్ల బాధ్యత. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1948లో అచ్చయిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకంలో ఈ సంబంధాన్ని వివరంగా రాశాడు. ఏ పర్ధానుకూ పాట అయ్యాక పోషకుణ్ని పట్టుకుని "ఇన్నవా?" అని అడగాల్సిన పని లేదు, ఎదురుగా కూర్చునే ఉన్నాడు కదా. మన ఇన్నవా అన్నకేమో అలాంటి పోషకులు లేరు. కానీ తాతలనాటి మిరాశీ హక్కు ఉన్నట్టే మన గుమ్మం ముందు నిలబడతాడు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాతకాలం అంత గొప్పదా, ఒగ్గుకథ దగ్గర జనం కునుకు తీయలేదా అని. తీశారు. తెల్లవార్లూ సాగే కథ ముందు కునుకు తీయని మనిషి ఉంటాడా? కానీ కునుకు తీసినవాడు చెప్పేవాడికి కనబడతాడు. అక్కడ గొంతు పెంచవచ్చు, డోలు గట్టిగా వాయించవచ్చు, ఆ నిద్రపోతున్నవాణ్నే కథలోకి లాగి పదిమందిని నవ్వించవచ్చు. పాడ్‌కాస్ట్‌లో చెప్పేవాడికి ఆ అదృష్టం లేదు. మనం నిద్రపోతే ఆయన చెబుతూనే ఉంటాడు; అది అయిపోయి, పక్కనున్న ఇంకో ఆయన కూడా వచ్చి తెల్లారేదాకా మన దిండుకు చెబుతూ ఉంటాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు పెద్దలు. ఇప్పుడు వినేవాడు ఉన్నాడో లేడో కూడా తెలియదు, ఇక లోకువ ఎవరికి?

రేడియో ఈ సంగతి ముందే పసిగట్టింది. అదీ గాలిలో వచ్చే గొంతే, ఎదుట మనిషి ఉండడు. అందుకే ఊఁ కొట్టడానికి ఉత్తరం అనే దారి తెరిచింది. సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేసిన కాలంలో సగం ఆనందం పాటది, సగం ఆ పాట కోరిన వాళ్ల పేర్లది. అప్పటి బిహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న ఝుమ్రీ తిలయ్యా అనే అభ్రకం గనుల ఊరు ఇలా పాటలు కోరి కోరి దేశమంతటికీ తెలిసిపోయింది. 1986లో మొదలైన ఆదిలాబాద్ ఆకాశవాణి గోండీ మాటను గాలిలోకి ఎక్కించినప్పుడు గూడెంలో ఒక రేడియో చుట్టూ పదిమంది చేరడానికి కారణం సెట్లు తక్కువ కావడం ఒక్కటే అనుకోలేం. తమ మాట రేడియోలో వస్తే ఒంటరిగా వినబుద్ధి కాదు, పక్కవాడి మొహం చూడాలి. ఇప్పుడు ఉత్తరం స్థానంలో గంట గుర్తు, బొటనవేలు వచ్చాయి. ఊఁ కొట్టడం పోయి లైక్ కొట్టడం వచ్చింది. రెంటినీ కొట్టడమే అంటాం గానీ దెబ్బలో తేడా ఉంది. ఊఁలో సాగదీసిన ఊఁ ఉంది, అనుమానపు ఊఁ ఉంది, "ఇది నాకు తెలుసులే" అనే ముక్కుతో అనే ఊఁ ఉంది, నాయకుడు చచ్చిపోయే చోట బయటికి రాని ఊఁ ఉంది. బొటనవేలు అన్నిచోట్లా ఒకేలా లేస్తుంది.

ఈ లెక్కన చూస్తే ఇన్నవా అన్న మీద ఉన్న పెద్ద నేరారోపణ కూడా తేలిపోతుంది. అతను పంపినవన్నీ అతను పూర్తిగా వినలేదు. నిజమే. పన్నెండో నిమిషంలో ఏదో ఒక మాట తగిలింది, ఎవరికైనా చెప్పకపోతే ప్రాణం పోతుందనిపించింది, పంపేశాడు. ఆ చెప్పే హడావుడిలో మిగిలింది వినడం మరిచాడు. కానీ ఊళ్లో డప్పు కొట్టి చాటింపు వేసేవాడు గ్రామసభలో కూర్చుని తీర్మానాలన్నీ వినాలని ఎవరైనా పట్టుబట్టారా? చాటింపు ఒక పని, వినడం వేరే పని. అతని దోషం ఒక్కటే. చాటింపు వేసేవాడు డప్పు కొట్టి వెళ్లిపోతాడు. ఇతను మర్నాడు మళ్లీ వచ్చి పరీక్ష పెడతాడు.

ఇక చదువుకున్న కుర్రాళ్లు లేవనెత్తే అభ్యంతరం ఉంది: ఈ రోజుల్లో కొత్తవి చూపించడానికి మనిషి దేనికి, ఫోనే చెబుతుంది కదా? చెబుతుంది, కాదనలేం. కానీ ఫోన్ చెప్పేది మనం నిన్న తిన్న కూరే ఇవాళ మళ్లీ వడ్డించే పద్ధతి. ఒకసారి పొరపాటున శని దోషం మీద పది నిమిషాలు విన్నారా, నెల రోజులు శని మిమ్మల్ని వదిలినా ఫోన్ వదలదు. ఇన్నవా అన్నకు మన అభిరుచి ఏమాత్రం తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. అతని గొప్పతనం అంతా అక్కడే ఉంది. పెట్టుబడుల ముచ్చట అందుకున్న ఆ గోదావరిఖని తాత పదింటిలో తొమ్మిది తుడిచేస్తాడు. పదోది తప్పు చిరునామాకు వచ్చిన ఉత్తరంలా ఏదో పాత నటి జీవితం మీద కిరణ్‌ప్రభ టాక్ షో అయి ఉంటుంది, మనవడు నిద్రపోయాక దాన్ని వదలకుండా వింటాడు. ఏ ఫోనూ ఆయనకు దాన్ని చూపించేది కాదు. పైగా ఫోన్‌ను నమ్ముకుంటే ఏమవుతుందో 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు తెలిసింది. అంత పెద్ద కంపెనీ దుకాణం కట్టేసింది. ఇన్నవా అన్న మాత్రం మరునాడు కూడా టవర్ సర్కిల్‌లో తెరిచే ఉన్నాడు.

అంతా బాగుంది, అంత చెవుల ఆకలి ఉంటే నలుగురినీ పోగేసి వినిపించవచ్చు కదా అంటారా? చాయ్ హోటల్‌లో అది సాగదు. పాడ్‌కాస్ట్ గొంతు ఒక్క చెవి కోసం కొలిచి కుట్టిన అంగీ, పదిమంది మధ్య వదులైపోతుంది. సిరిసిల్లకు పోతే మరమగ్గాల సాంచాల మోతలో పక్కవాడి మాటే వినబడదు. కానీ ఒకచోటుంది. జగిత్యాల, కోరుట్ల వైపు మధ్యాహ్నం పూట ఏ వాడకైనా వెళ్లండి. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు చాటలు ముందేసుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంటారు. చేతులకు తీరిక ఉండదు, చెవులు నాలుగు జతలు ఖాళీ. నడుమ ఒక్క ఫోన్ స్పీకర్ మీద ఉంటుంది: చాగంటి ప్రవచనమో, లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షోలో గంగవ్వ గొంతో, ఏ ఛానల్‌దో తెలియని దయ్యం కథో. ఆ అరుగు మీద ఇన్నవా అన్న లాంటి మనిషి పుట్టడు. ఎవరు విన్నారో ఎవరు వినలేదో అడగాల్సిన పనే లేదు. మాట మాటకూ ఊఁ పడుతుంది, ఊఁతో పాటు తీర్పు కూడా పడుతుంది.

ఇన్నవా అన్నను ఒక్కరోజు ఆ అరుగు మీద కూర్చోబెట్టామనుకోండి. తన భాండాగారంలో అన్నింటికంటే విలువైనదాన్నే బయటికి తీస్తాడు. అమెరికాలో 2014లో వచ్చి పాడ్‌కాస్ట్ అనే దానికి లోకమంతా పేరు తెచ్చిన పన్నెండు భాగాల కథ అది. బాల్టిమోర్‌లో 1999లో జరిగిన హత్య, జైలుకెళ్లిన కుర్రాడు. పేరు సీరియల్. "సీరియలా? గదైతే రాత్రి ఎనిమిదింటికి టీవీల సూస్తం గద తమ్మీ" అంటుంది ఒకామె. కాదక్కా అని మొదలుపెట్టి ఫోన్ నొక్కితే అందులోంచి ఇంగ్లిష్ వస్తుంది. ఇక తప్పదు. ఫోన్ ఆపి తానే చెప్పాలి. చెవిలో గుండీ తీసి జేబులో వేసుకుంటాడు. పిల్ల బడి నుంచి బయల్దేరింది, ఇంటికి రాలేదు. "ఊఁ." ఆ పిలగాడు ఆ టైముకు యాడున్నడో ఆనికే సక్కగ యాదికి లేదు. "ఊఁ? యాదికి లేకుండ ఎట్లుంటది?" వాణ్ని లైబ్రరీల సూశ్న అని ఒక పోరి చిట్టి రాసింది, ఆమెనెవ్వరు కోర్టుకు పిలువలే. ఈసారి ఊఁ రాదు. కత్తెర ఆగుతుంది. అందరికంటే పెద్దామె చాటలోంచి తలెత్తకుండానే దారం కొరికి, "అయితె వకీలు మంచిగ లేనట్టే" అంటుంది.

ఇన్నవా అన్న అదిరిపడతాడు. "అవ్వా, ఆ ముచ్చట పదో భాగంల వస్తది. జర ఆగుండ్రే!"