నట్టు ముందు వేసి: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఆ.వె.
నట్టు ముందు వేసి నాళము చివరను
రెండు మడతలుగను రేకు విచ్చి
మరకు మరను జూచి మరువక బిగియింప
జీపు నిలుచునయ్య, జీవి నిలుచు.

సందర్భం: విజయవాడ ఆటోనగర్‌లో పాత విల్లీస్ జీపు కింద పడుకొన్న శిష్యునికి మేస్త్రీ చేసిన ఉపదేశమిది. తుప్పు తిన్న బ్రేకు పైపు కారుచున్నది. ఆ కొలతకు రెడీమేడ్ పైపు దొరకలేదు. కోసి, వంచి, తయారు చేసుకొనుటే గతి.

ప్రతిపదార్థం: నట్టు = బిగింపు నట్టును; ముందు = మడత వేయక పూర్వమే; వేసి = పైపునకు తొడిగి; నాళము చివరను = 3/16 అంగుళాల (అనగా సుమారు 4.75 మి.మీ.) ఉక్కు పైపు కొసను; రెండు మడతలుగను = డబుల్ ఫ్లేరుగా; రేకు విచ్చి = అంచును వెడల్పు చేసి; మరకు మరను = రంధ్రపు త్రెడ్డుకు నట్టు త్రెడ్డును; చూచి = గేజితో కొలిచి (కంటితో చూచి అని కాదు); మరువక బిగియింప = ఒక్క జాయింటునూ వదలక బిగించగా; జీపు నిలుచున్ = బండి ఆగును; జీవి నిలుచున్ = లోపలివాడు బతుకును.

తాత్పర్యం: సుగమం.

విశేషాలు: 'ముందు' అనునది ఈ పద్యానికి ప్రాణం. కొన్ని షెడ్లలో 'పిదప' అనే పాఠాంతరం ఆచరణలో కనబడుచున్నది. అక్కడ కొస ముచ్చటగా విచ్చుకొనును, నట్టు మాత్రం బల్ల మీదనే ఉండును. విచ్చిన కొస నట్టులో దూరదు గనుక దాన్ని నరికి మళ్లీ మొదలుపెట్టవలె, పైపు ఆ మేరకు పొట్టియగును. ఈ పాఠం త్యాజ్యం. ఉత్తమ శిష్యుడు రెండు నట్లనూ ముందే తొడిగి, వాటి మరలు చెరొక కొసవైపు చూచుచున్నవో లేదో కూడా సరిచూసుకొనును.

'మరకు మర' అనుచోట పండితులే జారిరి. అమెరికా సంప్రదాయపు నట్టు 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. జపాను, ఐరోపా బండ్లలో ఎక్కువగా 10 మి.మీ. నట్టు, ఒక మి.మీ. పిచ్. చూపునకు కవలలు! విల్లీసు నట్టు జపాను మాస్టర్ సిలిండర్‌లో వదులుగా ఎక్కినట్టే ఎక్కును. ఎక్కినదని మురిసిపోరాదు, పెడల్ గట్టిగా తొక్కిననాడు ఆ పట్టు నిలువదు. మడతల్లోనూ శాఖాభేదం కలదు. అమెరికా, జపానులది 45 డిగ్రీల డబుల్ ఫ్లేరు, ఐరోపాది బుడగ ఆకారం, రేసు కార్లవారిది 37 డిగ్రీల ఒంటి మడత. ఒక శాఖవారి కొస మరొక శాఖవారి సీటులో కూర్చోదు.

పూర్వపక్షం: "మరకు టెఫ్లాన్ టేపు చుట్టిన చాలదా?" అని ప్లంబరు మతస్థుల ప్రశ్న. చాలదు. బ్రేకులో ఆయిలును ఆపునది మర కాదు, సీటు మీద నొక్కుకొన్న మడత అంచు. మరకు ఆ నొక్కుడే పని. టేపు పీలిక ఊడి లోపలికి పోయిన సన్నని దారి మూసుకొనును.

"ఏసీ రాగి పైపు సులువుగా వంగును గదా?" అని మరొకరు. వంగును నిజమే, పిదప అదురుకు గట్టిపడి పగులును కూడా. రాగి నికెల్ మిశ్రమంతో బ్రేకులకే చేసిన పైపు వేరు, అది గ్రాహ్యం. ఈ ఇద్దరికీ ఇంతకన్న సమాధానం అనవసరం.

'బిగియింప' అన్నాడు గాని 'విరుగ బిగియింప' అనలేదు. అతిగా బిగించిన సీటే చెడును. మామూలు పానా ఇత్తడి నట్టు మూలలు కొరికివేయును, ఫ్లేరు నట్టు పానాయే శ్రేష్ఠం.

ఫలశ్రుతి: ఎయిరు పూర్తిగా తీసి, ఇంజిను స్టార్టు చేసి, పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కిపట్టి ఉంచవలె. ఈలోగా మరొకరు ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడిచి చూడవలె. కాగితం తడిసినా, పెడల్ మెల్లగా కిందికి దిగినా పైపు పని పూర్తి కాలేదు. ఆ జీపు షెడ్డు దాటరాదు.