కమిటీల రద్దుకు కమిటీ ఎందుకు?

2021లో బేస్‌క్యాంప్ పేరుతో నడిచిన షికాగో సాఫ్ట్‌వేర్ కంపెనీ చిన్నదే. అప్పటికి సిబ్బంది అరవై మంది లోపే. పని ఎలా చేయాలో లోకానికి చెప్పడంలో మాత్రం పెద్దన్న. ఆఫీసుల్లో పిచ్చి హడావుడి అక్కర్లేదంటూ యజమానులిద్దరూ 2018లో ఏకంగా పుస్తకమే అచ్చేశారు. మూడేళ్లు తిరక్కుండానే సొంత కొంపలో రచ్చ.

నవ్వొచ్చే కస్టమర్ల పేర్లన్నీ ఏరి కొందరు ఉద్యోగులు ఏళ్ల తరబడి ఒక జాబితా రాసుకున్నారట. అందులో ఆసియా, ఆఫ్రికా పేర్లూ ఉన్నాయి. ఇదేం పనని అడిగితే మాటామాటా పెరిగింది. 2021 ఏప్రిల్ 26న యజమానుల ఫర్మానా దిగింది. ఆఫీసు ముచ్చట్లు సాగే కంపెనీ ఖాతాలో రాజకీయాలు బంద్. కమిటీలు బంద్. పాత నిర్ణయాలు తవ్వడం బంద్. పనిలో పనిగా జిమ్ము ఖర్చు, రైతుబజారు కూరగాయల ఖర్చు కూడా బంద్. బదులుగా ఆ ఏడాదికి డబ్బు చేతిలో పెడతామన్నారు. రాజకీయాలకూ వంకాయలకూ లంకె ఏమిటో దొరలకే తెలియాలి!

నచ్చనివాళ్లు ఆరు నెలల దాకా జీతం పుచ్చుకుని వెళ్లొచ్చన్నారు. ఇంచుమించు మూడో వంతు మంది సరేనని లేచారు. ఆఫీసులో మాట్లాడొద్దన్నారుగా, ఆ మాటేదో ట్విటర్‌కెక్కి చెప్పి మరీ వెళ్లారు.

మన మాదాపూర్ చిన్న కంపెనీలకు ఈ బెడద లేదు. ఇక్కడ కమిటీ అంటే బాసు, ఆయన బావమరిది. రాజకీయాలు మాట్లాడదామని ఎవరైనా టీ కప్పు పట్టుకుంటే చాలు, శుక్రవారం సాయంత్రమని చూడకుండా రిలీజు పెట్టేస్తారు.