పొయ్యికి రీసెట్టు, లైనుకు దండం

ఆదోనిలో పొద్దున్నే ఉగ్గానికి తాలింపు వేసే వేళకు కరెంటు పొయ్యి ఎర్రగా ఓ అక్షరం, దాని పక్కన ఓ అంకె చూపించి, నాలుగు కీచు శబ్దాలు చేసి ఊరుకుంటుంది. వెంటనే ఇంట్లో విచారణ మొదలవుతుంది. మొదటి ముద్దాయి కోడలు: నిన్న తడిగుడ్డతో తుడిచింది గదా! రెండో ముద్దాయి పెనం. మూడో ముద్దాయి పొయ్యి కొన్న అంగడి. ఇంటి బయట నిలబడ్డ కరెంటు స్తంభాన్ని మాత్రం ఎవరూ అనుమానించరు. పెద్దమనుషుల మీద ఊరికే నింద వేయకూడదు మరి.

"మా కాలంలో పొయ్యి ఊదితే మండేది. దీన్ని ఏడ ఊదాలమ్మే?" అని అవ్వ అడుగుతుంది. ప్రశ్న న్యాయమైనదే. జవాబు పొయ్యితోపాటు వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పుస్తకం మాత్రం పొయ్యి పెట్టెలో ఉంటుంది, పెట్టె అటక మీద ఉంటుంది, అటక నిచ్చెన పక్కింట్లో ఉంటుంది. అంత కష్టపడి దించినా ఆ అక్షరం-అంకెల కోడ్ల సంగతి కంపెనీకో తీరు. ఒకరి పొయ్యిలో గిన్నె లేదని చెప్పే అంకె ఇంకొకరి పొయ్యిలో వోల్టేజీ పడిపోయిందని చెబుతుంది, మరొకరి దాంట్లో లోపల వేడెక్కిందని చెబుతుంది. పక్కింటి అక్క పొయ్యికి కుదిరిన వైద్యం ఈ పొయ్యికి కుదరకపోవడానికి జాతకాలతో పనిలేదు.

ఇంటాయన దగ్గర మాత్రం అన్ని రోగాలకూ ఒకే మందుంది. "ప్లగ్గు పీకి మళ్లీ పెట్టు, అదే సరైపోతాది."

నిజానికి ఆ మందు సగం మంచిదే. స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, కొన్ని నిమిషాలు వదిలేస్తే లోపలి కెపాసిటర్లలో మిగిలిన చార్జి దిగిపోతుంది, బోర్డు మీది చిప్పు లెక్క మొదటినుంచి ఎత్తుకుంటుంది. కొన్ని నిమిషాలు అన్నదే ఇక్కడ ముఖ్యం. ఇంటాయన పీకిన చెయ్యి తీయకుండానే మళ్లీ గుచ్చుతాడు. పైగా వంట ముగిశాక లోపలి ఫ్యాను ఇంకా తిరుగుతూ ఉంటే, కరెంటు వృథా అవుతోందని దాన్నీ ఆపేస్తాడు. ఆ ఫ్యాను తిరిగేది రాగి చుట్టనూ, దాన్ని నడిపే ట్రాన్సిస్టర్‌నూ చల్లార్చడానికి. రెండు పైసలు మిగిల్చి బోర్డు కాల్చుకున్న పొదుపరులు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

గిన్నెల పంచాయితీ వేరు. ఇండక్షన్ పొయ్యి తాను వేడెక్కదు, అయస్కాంత క్షేత్రంతో గిన్నెనే వేడెక్కిస్తుంది. 1950ల మధ్యలో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఫ్రిజిడేర్ విభాగం దీన్ని ప్రదర్శించినప్పుడు పొయ్యికీ గిన్నెకూ మధ్య దినపత్రిక పెట్టి నీళ్లు కాచి చూపించింది. పత్రిక కాలలేదు. మన దగ్గర దినపత్రికకు బజ్జీల నూనె పీల్చే ఉద్యోగం తప్ప వంటింట్లో అంత గౌరవం ఎప్పుడూ దక్కలేదు. అయితే ఆ గిన్నె అడుగుకు అయస్కాంతం అతుక్కోవాలి. సత్తు గిన్నె, రాగి చెంబు, మట్టి కుండ పెడితే గిన్నే లేదంటుంది పొయ్యి. అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిన గిన్నెను పట్టుకుని గిన్నే కాదనడం ఎంత ప్రమాదకరమో పొయ్యిని తయారుచేసిన ఇంజనీర్లకు తెలియదు.

జొన్నరొట్టె దగ్గర కథ ముదురుతుంది. పాత ఇనప పెనానికి అయస్కాంతం అతుక్కుంటుంది, కానీ దాని అడుగు గుండ్రం. చదునైన గాజు మీద నడుమ ఒక్కచోటే ఆనుతుంది. రొట్టె మధ్యలో మాడుతుంది, అంచులు పచ్చిగా మిగులుతాయి. చివర్లో నిప్పు మీద వేసి పొంగించడానికి అక్కడ మంటే లేదు. పెనం ఒక్క క్షణం పైకెత్తితే చాలు, పొయ్యి కీచుమంటూ ఫిర్యాదు చేస్తుంది.

పొరుగున ఉన్న ఎమ్మిగనూరు వాళ్లకైనా ప్లగ్గు పీకి పెట్టడం కన్నా మెరుగైన పద్ధతి తెలిసి ఉండాలి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరది. పడుగులో పోగు తెగితే నేతగాడు మగ్గాన్ని ఆపి మళ్లీ మొదలుపెట్టి కూర్చోడు, తెగిన పోగు ఏదో వెతికి ముడి వేస్తాడు. అదే మనిషి వంటింట్లోకి రాగానే ప్లగ్గు పీకి గుచ్చుతాడు.

వెతికితే దొరికే పోగులు కొన్ని ఉన్నాయి. 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు కావాలి. ఇంట్లో పెద్ద సాకెట్టు ఉన్నది ఒక్కటే, దాన్ని ఫ్రిజ్జో కూలరో ఆక్రమించి ఉంటుంది. కాబట్టి పొయ్యి ప్లగ్గును మారుపిన్నుతో 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సుకు తగిలిస్తారు. అదే బాక్సులో ఫోను చార్జరు, దోమల మందు కూడా కాపురం ఉంటాయి. ప్లాస్టిక్ కమురు వాసన వచ్చాక పొయ్యి కంపెనీని తిట్టడం ఆనవాయితీ.

ఇక అసలు పోగు. మన దేశంలో ఇంటికి అందాల్సిన వోల్టేజీ 230, అటూ ఇటూ ఆరు శాతం. అంటే 216కు తగ్గకూడదు, 244కు మించకూడదు. వేసవిలో ఆదోనిలో కుళాయి నీళ్లు వచ్చే పూట వీధిలోని మోటర్లన్నీ ఒక్కసారిగా మూలిగితే ఈ లెక్క ఎక్కడికి జారుతుందో పొయ్యి తెర మీద కనిపిస్తుంది. బసాపురం ట్యాంకు నుంచి నీళ్లు ఇంటికొస్తాయి, పొయ్యి మీద బువ్వ ఆగిపోతుంది. రెండూ ఒకే పూట కావాలనడం అత్యాశ.

పాత కాయిల్ పొయ్యి ఎంతో మర్యాదస్తురాలు. 230 వోల్టులకు 1000 వాట్లిచ్చే కాయిలు, 160కి పడిపోతే సగానికన్నా తక్కువ వేడే ఇస్తుంది, అయినా నోరెత్తదు. పప్పు ఉడకడం ఆలస్యమైతే కందిపప్పు మంచిది కాదనేవారు. కాయిలు తెగితే రెండు కొసలూ మెలిపెట్టి మళ్లీ వేసేవారు. ఆనాటి రీసెట్టు అదే. మెలిపెట్టిన ప్రతిసారీ కాయిలు పొట్టిదై, నిరోధం తగ్గి, ఇంకాస్త ఎక్కువ కరెంటు లాగేది. పొయ్యికి వయసుతోపాటు ఆకలీ పెరిగేదన్నమాట. కొత్త పొయ్యికి ఆ సహనం లేదు. వోల్టేజీ మరీ కిందికి జారితే ఉన్నమాట ముఖం మీదే చెప్పేసి పక్కకు తప్పుకుంటుంది.

ఇటువంటి నిక్కచ్చి మనిషిని ప్రభుత్వాలు ప్రోత్సహించడం విశేషమే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం 'గో ఎలక్ట్రిక్' అంటూ వాహనాలతోపాటు కరెంటు వంటనూ ప్రచారం చేసింది. 2023 నవంబరులో కేంద్ర విద్యుత్ శాఖ కిందనున్న ఇ.ఇ.ఎస్.ఎల్. సంస్థ 20 లక్షల ఇండక్షన్ పొయ్యిలు పంచే కార్యక్రమం ప్రకటించింది. ఏడాది తిరిగే సరికి, 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో రాష్ట్ర ప్రభుత్వం దీపం-2 పథకం ప్రారంభించి ఏడాదికి మూడు గ్యాస్ సిలిండర్లు ఉచితమంది. ఒకరు గ్యాస్ వదలమంటే ఇంకొకరు గ్యాస్ పట్టమన్నారు. ఇక కరెంటు సంగతంటారా, ఆదోని ఉన్న ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సౌర పార్కు 2017 నుంచి ఎండను కరెంటు చేస్తోంది. ఎండ మాత్రం ఆదోనికి ఏ స్తంభం అవసరం లేకుండా, ఒక్క వోల్టు తగ్గకుండా చేరుతోంది.

డల్లాస్‌లో కొడుకు ఇంటికి వెళ్లిన ఆదోని అమ్మకు ఈ బాధలుండవనుకుంటే పొరపాటు. అక్కడ రేంజి అనే పెద్ద పొయ్యి 240 వోల్టుల మీద నడుస్తుంది, రెండు తీగల నుంచి తీసుకుంటుంది. ఒక తీగ పోతే గడియారం వెలుగుతుంది, దీపం వెలుగుతుంది, పొయ్యి మాత్రం వేడెక్కదు. బ్రేకర్‌ను పూర్తిగా ఆపి మళ్లీ వేయాలి. అమ్మ ప్యానెల్ తుడుస్తూ తాళం బొమ్మ మీద వేలు ఒత్తి పెడితే మొత్తం బిగుసుకుపోతుంది, మళ్లీ అక్కడే కాసేపు ఒత్తితే విడుస్తుంది. 2018 తర్వాత తయారైన కాయిల్ రేంజిలైతే గిన్నె అడుగు మరీ వేడెక్కకుండా తమంతట తామే ఆగి ఆగి కాలుతాయి. రొట్టెకు కావలసిందేమో ఆ మరీ వేడే. కొడుకు ఫోన్లో మెకానిక్‌ను వెతుకుతుంటాడు, పొయ్యి మాత్రం నిబంధన ప్రకారమే నడుస్తుంటుంది.

ఆదోనిలో మెకానిక్ అన్న వచ్చి నాలుగు మరలు విప్పుతాడు. వెచ్చదనం కోసం ఫ్యాను దారిలో లోపలికి చేరిన బొద్దింక బోర్డు మీద పడి ఉంటే ఫ్యూజు, ట్రాన్సిస్టర్ మార్చాలి. లైన్లో న్యూట్రల్ తెగి ఇంట్లోకి నాలుగు వందల వోల్టుల దాకా వచ్చి ఉంటే బోర్డే మార్చాలి. ఈసారి రెండూ లేవు. మీటరు సాకెట్టులో పెట్టి చూసి, "అన్నా, పొయ్యి బాగానే ఉంది. కరెంటుకే బాగలేదు" అన్నాడు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయమన్నాడు. ఫోన్ చేస్తే సర్వీసు నంబరు అడిగారు. అది బిల్లు మీద ఉంటుంది. బిల్లు కోసం బీరువా వెతికారు.

బిల్లు దొరికింది. ఇంటాయన నంబరు సంగతి మరిచి లెక్క వేశాడు. పొయ్యి రోజుకు గంట వెలిగితే రెండు యూనిట్లు, నెలకు 60. నెలకు 120 వాడే ఇల్లు 180కి ఎక్కుతుంది. 2022 నాటి స్లాబుల్లో 125 దాటితే యూనిట్ రూ.4.50 కాస్తా రూ.6 అవుతుంది. వెరసి దాదాపు రూ.350, సర్దుబాటు చార్జీలు వేరు. ఫోన్ పెట్టేసి, పక్కింటి నిచ్చెన తెచ్చి, పొయ్యిని తనే అటక మీదికెక్కించాడు. వోల్టేజీ తక్కువున్నా ఫర్వాలేదట, సీలింగు ఫ్యాను తిరిగితే చాలట.