పైన వడగండ్లు, కిందనే పారు నూనె: టీకా తాత్పర్యం

అవతారిక

టెక్సాస్ దేశమున, డల్లాసుకూ ఫోర్ట్‌వర్తుకూ నడుమ, విమానాశ్రయాన్ని ఒరుసుకుని ఇర్వింగ్ అనే పురమున్నది. ఆ పురంలో వ్యాలీ రాంచ్ అనే పేట. ఏ అపార్ట్‌మెంటు తలుపు తట్టినా పోపు వాసన వచ్చే ఆ పేటలో, 2005 నాటి ఒకానొక బీఎండబ్ల్యూ 330సీఐ కన్వర్టిబుల్ తాలూకు గ్లవ్ బాక్సులో, మరమ్మతు రసీదు వెనక పెన్సిలుతో రాసిన ఈ పద్యం దొరికింది. కవి తన పేరు వేసుకోలేదు. రసీదు ముందువైపున ఉన్న మొత్తం చూస్తే ఎందుకు వేసుకోలేదో తెలుస్తుంది.

తక్కువకు వచ్చెనని కొన్నదాని కిపుడు
పైన వడగండ్లు కిందనే పారు నూనె
మధ్య వెలిగెడి దీపమ్ము మాయమవదు
కొన్నవాడెవ్వ డిర్వింగు గోడు తెలిసి

ఇది తేటగీతి. నాలుగు పాదాల్లోనూ గణం తప్పలేదు, యతి చెడలేదు. బండిలో చెడని అంగమంటూ లేకపోయాక పద్యంలోనైనా ఏదీ చెడకూడదని కవి పట్టుదల కాబోలు.

మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ పట్టిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొల్చారం వాడు. కాళిదాసు మేఘాన్ని వర్ణిస్తే ఆయన మేఘంతో సరిపెట్టుకోగలిగాడు. ఇక్కడ మేఘం వస్తే వడగండ్లు వస్తాయి, వడగండ్లు వస్తే ఇన్సూరెన్సు వస్తుంది, ఇన్సూరెన్సు వస్తే డిడక్టిబుల్ వస్తుంది. కనుక ఆ మహానుభావుడి నియమం ఈ టీకాకారుడికి గిట్టుబాటు కాదు.

ప్రతిపదార్థం

తక్కువకు = కొత్తనాటి ధరలో చిన్న వంతుకు; వచ్చెను + అని = అర్ధరాత్రి ఫోనులో ప్రకటన చూచి, ఇంకెవరైనా తన్నుకుపోతారేమోనని; కొన్నదానికి = ఇంట్లో చెప్పకముందే బయానా ఇచ్చినదానికి; ఇపుడు = వారంటీ తీరి ఏళ్లు గడచిన ఈ కాలమున; పైన = గుడ్డ టాపు మీద; వడగండ్లు = వసంతమున పడు రాళ్లు; కిందనే = అపార్ట్‌మెంటు వారి కాంక్రీటు మీదనే; పారు నూనె = పోసిన కొద్దీ కారిపోవు ఇంజిన్ ఆయిలు; మధ్య = స్టీరింగు చక్రమునకు ఎదుట; వెలిగెడి దీపమ్ము = చెక్ ఇంజిన్ లైటు; మాయమవదు = బ్యాటరీ వైరు పీకి మళ్లీ తగిలించినా నాలుగు రోజులకు తిరిగి వచ్చును; ఇర్వింగు గోడు తెలిసి = ఈ ఊరి ఎండయు వానయు ముందుగా ఎరిగి; కొన్నవాడు ఎవ్వడు = ఒక్కడును లేడు.

తాత్పర్యం

పాత విలాసపు బండి చవకగా దొరికిందని కొన్నవాడికి పైనుంచి ఆకాశమూ, కిందినుంచి గురుత్వాకర్షణా, ఎదుటినుంచి దీపమూ ఏకకాలంలో ఖర్చు చూపిస్తున్నవి. తెలిసి కొన్నవాడు లేడు గనుక కవిని తప్పుపట్టరాదని భావం.

విశేషాలు

మొదటి పాదం. “తక్కువకు” అన్న తొలి మాటలోనే కావ్యమంతా ఉంది. తక్కువ దేనికి? బండికి. తక్కినవాటికి? ఆ ఊసు లేదు. షోరూములో ఉన్ననాడు ఇది నలభై వేల డాలర్లు దాటిన సరుకు. ఇరవై ఏళ్లలో ధర కరిగి కరిగి పాత కరోలా పక్కన నిలబడింది. అయితే కరిగింది బండి ధర, అందులోని భాగాల ధర కాదు. తాను చవకబండిలో కూర్చున్నానని నీళ్ల పంపుకు తెలియదు. గంటకింత అని లెక్కగట్టే మెకానిక్కుకు తెలుసు గానీ, ఆయన ఇంటి అద్దె ఎవరి బండి పాతబడిందని తగ్గదు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అంటారు. ఈ ఏనుగు చస్తే ఐదొందలకు పోతుంది; బతికించడానికే వేలు.

ఇక్కడ ఒక శాస్త్రవిషయం. ఈ జాతి బండ్లలో ఎం54 అనే ఆరు సిలిండర్ల ఇంజిను ఉంటుంది. మూడు లీటర్లది, వరసగా నిలబెట్టిన సిలిండర్లు, నునుపైన నడక. అది గట్టిదే. దాన్ని చల్లబరిచే సరంజామాలో మాత్రం ప్లాస్టిక్కు పాలు ఎక్కువ. కూలెంటు నిలవుండే ట్యాంకు ఏళ్ల తరబడి వేడికీ ఒత్తిడికీ ఉడికి, పెళుసెక్కి, ఒకనాడు 183 నంబరు హైవే మీద పోతుండగా అతుకు వెంట పగులుతుంది. అప్పుడు సూది ఎర్రగీత వైపు లేస్తుంది. లేచిన సూదిని చూస్తూ “ఇంకో రెండు మైళ్లేగా, ఇంటికి పోదాం” అనుకున్నవాడి అల్యూమినియం హెడ్ వంగుతుంది. హెడ్ వంగాక బండి ధరా బిల్లూ తక్కెడలో సమానంగా తూగుతాయి. అందుకే తెలిసిన మెకానిక్కు ట్యాంకు, పంపు, థర్మోస్టాటు, గొట్టాలు ఒక్క ఊపులో మార్చేయమంటాడు. ఇది ఆయన దురాశ అని పూర్వ వ్యాఖ్యాతలు కొందరు రాశారు. పొరపాటు. ఒక్కొక్కటే మారిస్తే ప్రతిసారీ కూలెంటు ఒంపాలి, నింపాలి, లోపలి గాలి తీయాలి, ఆ కూలి మళ్లీ మళ్లీ ఇవ్వాలి.

రెండో పాదం. “కిందనే”లోని ఏకారం అవధారణార్థకం. అంటే నూనె అటూ ఇటూ పోదు, సరిగ్గా లీజింగ్ ఆఫీసు వాళ్ల కంటపడే చోటే కారుతుంది. వాళ్లు తలుపుకు నోటీసు అంటిస్తారు. దానికి విరుగుడుగా అమెజాన్ అట్టపెట్టె విప్పి బండి కింద పరచడం స్థానికాచారం. ఆ అట్ట మంచి పంచాంగం కూడా. పొద్దున్నే వంగి చూస్తే గోధుమ నలుపు మరక ఇంజిన్ ఆయిలు, నీలం కూలెంటు, ఎరుపు పవర్ స్టీరింగు. మూడు రంగులూ కనిపిస్తే ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తున్నానని మేనేజరుకు మెసేజి పెట్టుకోవాలి.

నూనె కారే చోటు ముఖ్యంగా రెండు. వాల్వ్ కవరు గాస్కెట్టు ఒకటి, ఆయిల్ ఫిల్టరు హౌసింగు గాస్కెట్టు ఒకటి. రెండోది చేతివేళ్ల మధ్య పట్టేంత రబ్బరు ముక్క, ఖరీదు కొద్ది డాలర్లు. అది గట్టిపడి, గాజులా విరిగే స్థితికొస్తే నూనె బెల్టు మీదికి చేరుతుంది. బెల్టు జారి తెగితే ఆల్టర్నేటరూ నీళ్ల పంపూ రెండూ ఆగుతాయి. ఆ ముక్కను చేరడానికి చుట్టూ ఉన్నవన్నీ విప్పాలి. అందుకే రసీదులో “పార్ట్స్” కింద చిన్న అంకె, “లేబర్” కింద పెద్ద అంకె ఉంటాయి. దీన్ని అన్యాయమనేవాళ్లు ఒకసారి యూట్యూబు చూసి స్వయంగా విప్పితే, బిగించేటప్పుడు మిగిలిపోయిన బోల్టులను చూసి ఆ లేబర్ అంకెకు నమస్కారం పెడతారు.

ఇక్కడొక పాఠాంతరం ఉంది. కొన్ని ప్రతుల్లో “లోపలే పారు నీరు” అని కనిపిస్తుంది. గణాలు సరిపోయాయి, యతీ నిలిచింది. ఏది కవి పాఠం? రెండూ. మొదటిది ఎండాకాలపు ప్రతి, రెండోది వానాకాలపు ప్రతి. టాపు మడిచి దాచుకునే గూటిలో నీరు పోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. ఓక్ చెట్టు కింద నిలిపిన బండికి వసంతంలో ఆ పూత రాలి, తడిసి, ముద్దయి అందులో కూరుకుంటుంది. ఆ తర్వాత కురిసిన వాన బయటికి పోయే దారిలేక లోపలికొస్తుంది. ఈ బండికి బ్యాటరీ ఉండేది డిక్కీలో కుడిపక్కన. నీరు కూడా అటే చూస్తుంది. దీనికి వైద్యం ఒక మెత్తని ప్లాస్టిక్ తీగ, కాస్త ఓపిక, ఏడాదికి రెండుసార్లు. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పని చేసేవాళ్లు తక్కువ, తడిసిన మాడ్యూలు కొనేవాళ్లు ఎక్కువ.

వడగండ్ల గురించి కవి అతిశయోక్తి పలికాడని దక్షిణాది పండితులు అనుకోవచ్చు. మన పల్లెల్లో మామిడికాయంత వడగండ్లు పడ్డాయంటే పెద్దగా చెప్పుకుంటాం. 1995 మే 5న ఫోర్ట్‌వర్తులో మేఫెస్ట్ ఉత్సవం జరుగుతుండగా సాఫ్ట్‌బాల్ బంతంత గడ్డలు పడి వందమందికి పైగా గాయపడ్డారు. ఈ సీమలో వడగండ్ల హెచ్చరిక మోగగానే జనం బండ్లు తీసుకుని గ్యాస్ స్టేషన్ల కప్పుల కిందికి పరుగెత్తుతారు. తుపాను వెలిసిన వారానికి దేశంలో ఎక్కడెక్కడి సొట్టలు తీసే పనివాళ్లో వచ్చి పార్కింగు స్థలాల్లో డేరాలు వేస్తారు. వాళ్ల పనితనం రేకుకే, గుడ్డకు కాదు. చినిగిన టాపు మార్చాలంటే బిల్లు బండి ధరలో పెద్ద వాటా మింగుతుంది. ఇన్సూరెన్సు వారు బండి విలువా మరమ్మతూ పక్కపక్కన పెట్టి చూసి, “టోటల్” అని ఒక్క మాటలో కావ్యం ముగిస్తారు. మొదటి పాదంలోని “తక్కువకు” ఇక్కడ తిరిగి కొట్టిందని గ్రహించాలి.

నాలుగో పాదాన్ని ముందు చెప్పి మూడోదాన్ని కడపట చెబుతాను. మూడోదాంట్లో ధర్మశాస్త్రం ఉంది, దానికి స్థిమితంగా కూర్చోవాలి.

“ఇర్వింగు గోడు” అంటే ఏది? ఎండే మొదటిది. పక్కనున్న విమానాశ్రయంలో రాసిన లెక్కల ప్రకారం 1980లో నలభై రెండు రోజులు వరసగా వంద డిగ్రీల ఫారెన్‌హీటు తాకింది. ఆ జూన్‌లో 113 దాకా పోయింది. 2011లో వంద తాకిన రోజులు మొత్తం 71. టాపు దించుకుని తిరగడానికి కొన్న బండిలో టాపు వేసి, అద్దాలెత్తి, ఏసీ పెట్టి తిరగడమన్నది ఈ ఊరి జూలై, ఆగస్టు మాసాల ధర్మం. ఎండకు సీటు తోలు పగులుతుంది, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు పట్టీలు ముడుచుకుంటాయి. వాటికి రబ్బరు పోషకద్రవ్యం రాస్తూ ఉండాలి. బండి కొన్న ఉత్సాహంలో అందరూ ఒకసారి రాస్తారు.

రెండో గోడు సరుకులది. ఈ బండి డిక్కీలో టాపు మడత కోసం ఒక అర ఉంటుంది. దాన్ని పైకి మడిస్తే సామానుకు చోటు, కిందికి దించితే టాపుకు చోటు. అర పైకి ఉంటే టాపు కదలదు. అంటే సోనామసూరి బస్తాలు వేసుకున్న శనివారం ఆకాశం కనిపించదు. ఆకాశం కావాలంటే బియ్యం ఒళ్లో పెట్టుకోవాలి.

మూడోది బంధువులది. కవిగారి అత్తగారు గుంటూరు నుంచి ఆర్నెల్లకు వచ్చినప్పుడు, ఏక్తా మందిరానికి ఈ బండిలోనే తీసుకెళ్లారట. టాపు వెనక్కి ముడుచుకుపోతుంటే ఆమె కొంగు తలమీదికి లాక్కుని, కూతురి వైపు తిరిగి, “ఏమే, మన ఊళ్లో ఆటోకైనా కప్పుంటుంది కదే” అన్నారు. ఇంత క్లుప్తమైన వ్యాఖ్య ఈ పద్యానికి మరొకటి లేదు.

అయినా ఇర్వింగ్‌కు కప్పులేని వస్తువులంటే పూర్వంనుంచీ మక్కువ. 1971లో ఇక్కడ కట్టిన టెక్సాస్ స్టేడియానికి ప్రేక్షకుల మీద కప్పు, మైదానం మీద పెద్ద కన్నం. డల్లాస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు వాళ్లు ముప్ఫై ఏడేళ్లు ఆ కన్నం కిందే ఎండకెండి వానకు తడిసి ఆడారు. 2009లో వాళ్లు ఆర్లింగ్టన్‌లో కప్పు తెరిచి మూసుకునే స్టేడియానికి వెళ్లిపోయారు. పాతదాన్ని 2010 ఏప్రిల్ 11న పేల్చి పడగొట్టారు. మరమ్మతుల కన్నా కొత్తది కొనుక్కోవడం మేలని వాళ్లకు తోచింది. వాళ్ల దగ్గర డబ్బుంది.

మరి ఎందుకు అమ్మడు ఈ కవి? దీనికి జవాబు పద్యంలో లేదు, అక్టోబరులో ఉంది. ఎండ మెత్తబడిన ఒక సాయంత్రం మీట నొక్కితే టాపు సుమారు అరనిమిషంలో వెనక్కి ఒదిగిపోతుంది. మెకార్థర్ బులవార్డ్ మీదుగా లాస్ కొలినాస్ వైపు పోతే, విలియమ్స్ స్క్వేర్‌లో శిల్పి రాబర్ట్ గ్లెన్ మలచిన తొమ్మిది కంచు గుర్రాలు నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తుతుంటాయి. 1984 నుంచీ అదే పరుగు. వాటి కింద కూలెంటు పుష్కలం. ఆరు సిలిండర్లు సన్నగా హమ్ చేస్తుంటే, గాలి చెవుల పక్కనుంచి పోతుంటే, గత నెల బిల్లు ఎంతో కవికి గుర్తుండదు. అలాంటి సాయంత్రాలు ఏడాదికి ఎక్కువుండవు. ఉన్నన్ని చాలు అనుకునేవాడే ఈ బండి ఉంచుకుంటాడు. నా మట్టుకు నేను అతన్ని మూర్ఖుడనను. లెక్కలు రాసుకునే వాళ్లు కొనాల్సిన బండి మాత్రం కాదిది.

రసం ఏది అంటే, స్థాయీభావం నిర్వేదం గనుక శాంతమని కొందరన్నారు. ఆలంబనం అట్ట మీది నూనె మరక. ఉద్దీపనం అక్టోబరు సాయంకాలం. అనుభావం రాత్రి రెండు గంటలకు మంచంలో పడుకుని ఫోనులో విడిభాగాల ధరలు వెతకడం. ఈ అనుభావం శాంతరసంలో ఎక్కడా కనబడదు. ఇది విప్రలంభ శృంగారం. నాయిక షాపులో ఉంది.

ఇక మూడో పాదం. దీపం వెలిగితే మూడు మార్గాలు. ఒకటి, దాని మీద నల్ల టేపు ముక్క అంటించడం. ఇది చార్వాక మతం. రెండు, ఇరవై డాలర్ల స్కానరు కొని కోడు చదవడం. తరచు వచ్చేది ఇంజిన్‌లోకి లెక్కలేని గాలి చొరబడుతోందన్న ఫిర్యాదు. పాతబడి బీటలిచ్చిన రబ్బరు గొట్టాలే దానికి కారణం. మూడు, కోడు చెరిపేసి నేరుగా సర్కారు వారి పొగ (ఎమిషన్స్) పరీక్షకు పోవడం. ఇది పనికిరాదు. చెరిపిన వెంటనే బండిలోని కంప్యూటరు తన స్వీయపరీక్షలన్నీ మొదటినుంచీ మొదలుపెడుతుంది. అవి పూర్తి కావడానికి కొన్నాళ్లు నడపాలి. అవి పూర్తి కాలేదని పరీక్షయంత్రానికి తీగ తగిలించగానే తెలిసిపోతుంది, వెనక్కి పంపుతుంది.

2025 జనవరి 1 నుంచి టెక్సాస్‌లో సొంత కార్లకు సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు. దాని బదులు రిజిస్ట్రేషన్‌తో పాటు ఏడున్నర డాలర్లు వసూలు చేస్తారు. తనిఖీ పోయిందని సంబరపడి చాలామంది పొగ పరీక్ష కూడా పోయిందనుకున్నారు. పోలేదు. ఇర్వింగ్ ఉన్న డల్లాస్ కౌంటీలో, పక్కనున్న టారంట్, డెంటన్, కాలిన్ కౌంటీల్లో పెట్రోలు బండ్లకు అది ఉంది, రెండేళ్ల వయసు నుంచి ఇరవై నాలుగేళ్ల దాకా. కవిగారి 2005 బండికి ఆ బాధ 2030లో తీరుతుంది. అంతవరకు, దీపం వెలిగిందని షాపుకు ఫోను చేసే ముందు దిగి గ్యాస్ మూత గట్టిగా బిగించి చూడండి. కొన్నిసార్లు అదే కారణం.