టికెట్‌ కన్నా ముందు నన్ను తెరవండి

నేను 36 పేజీల పాస్‌పోర్టుని. నాదర్‌గుల్‌లో ఒక బీరువాలో, ఇంటి కాగితాల మధ్య ఉంటాను. శిక్షణ విమానాల ఎయిర్‌స్ట్రిప్‌ ఉన్న ఊరిది, శంషాబాద్‌ విమానాశ్రయం కూడా దూరం కాదు. అందుకేనేమో పారిస్‌ చూడాలనుకోగానే ఇక్కడివాళ్ల చెయ్యి ముందు టికెట్‌ ధరల మీదికే పోతుంది. నేననేది ఒక్కటే: తేదీలు టికెట్‌ను బట్టి కాదు, నన్ను బట్టి ఖాయం చేసుకోవాలి. ఫ్రాన్స్‌తో సహా ఒకే వీసా చెల్లే షెంజెన్‌ దేశాలు దాటి వచ్చే రోజు తర్వాత కూడా నాకు కనీసం 3 నెలల గడువు మిగలాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వీసా దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు. 15 రోజుల లోపుకి వచ్చాక పెట్టడమంటే ఆలస్యమైనట్టే. మామూలుగా 15 రోజుల్లో తేలుతుంది, లోతుగా చూడాల్సివస్తే 45 రోజులు పట్టొచ్చు. అన్నాళ్లూ సాధారణంగా నేను ఇంట్లో ఉండను, మధ్యలో దుబాయ్‌ పని పడినా చేతికి అందను. ఇక నాలో ఫొటో ఉన్న పేజీ. వేరే కాగితాల్లో పొడి అక్షరంగా ఉండే ఇంటిపేరు అక్కడ పూర్తిగా, విడిగా ఒక గడిలో ఉంటుంది. టికెట్‌ మీదా ఇన్సూరెన్సు మీదా పేరు అచ్చం అలాగే పడాలి.

ఆగితే టికెట్‌ ధర పెరుగుతుందంటారు. నిజమే, పెరగొచ్చు. కానీ దరఖాస్తుకు రిజర్వేషన్‌ చూపిస్తే చాలు, డబ్బు కట్టేసిన టికెట్టే కావాలన్న నియమం లేదు. 2024 జూన్‌ నుంచి పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలు. వీసా రాకపోతే అది ఎలాగూ తిరిగిరాదు, దానికి తోడు రద్దు చేసుకోలేని టికెట్‌ కూడా పోతే ఆ ఇంటికి తగిలే దెబ్బ చిన్నది కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏజెంటు ఉన్నాడు, అన్నీ చూసుకుంటాడు అనేవాళ్లూ ఉన్నారు. ఫారం అతను నింపగలడు. వేలిముద్రలు మాత్రం మనిషే వెళ్లి ఇవ్వాలి, బ్యాంకు స్టేట్‌మెంటుకూ సెలవు పత్రానికీ జవాబుదారీ కూడా ఆ మనిషే.

ఎలాగూ వెళ్తున్నాం కదా, నాలుగు దేశాలు చుట్టేద్దామనే ఆశే అన్నిటికన్నా చిక్కు తెస్తుంది. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, రోజులు సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. కాబట్టి పారిస్‌ అనుకుంటే పారిస్‌కే రోజులివ్వండి. లూవ్ర్‌ మ్యూజియానికి మంగళవారం సెలవు, ఓర్సేకు సోమవారం. రెండు రోజుల్లో పరుగెత్తేవాళ్లకు ఏదో ఒకటి తప్పిపోవచ్చు. వీసా అంటించి నన్ను తిరిగి ఇచ్చాక కూడా తొందరపడకండి. ఆ స్టిక్కర్‌ మీద ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది వేరు, ఎన్ని రోజులు ఉండొచ్చన్నది వేరు. రెండో అంకె చిన్నదైతే దానికే కట్టుబడాలి. ప్రవేశాల గడిలో 01 అని ఉంటే, పారిస్‌ నుంచి లండన్‌ వెళ్లి మళ్లీ పారిస్‌ రావడం కుదరదు, బ్రిటన్‌ షెంజెన్‌లో లేదు. లండన్‌కు వేరే వీసా ఉన్నా సరే, తిరుగు విమానం పారిస్‌ నుంచే ముందుగా కొనేసుకున్నవాళ్లకు ఆ టికెట్‌ పనికిరాదు.