ఏం నాయనా, లేసినావా?

పదో తరగతి పరీక్షలకు వంద రోజుల ప్రణాళిక మళ్ళీ వచ్చేసింది. ఆదివారాలూ దానికే, సంక్రాంతి సెలవులూ దానికే. పదో తరగతి పిల్లలున్న ఇళ్ళకు సూచనలు కూడా వెంటనే అందాయి. టీవీ కట్టెయ్యండి, పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పిల్లల్ని తిప్పకండి, చుట్టాల్ని పిలవకండి, పిల్లల ముందు పోట్లాడుకోకండి. మొగుడూ పెళ్ళాల తగువులకు మార్చి నెలాఖరు దాకా వాయిదా ఇచ్చే అధికారం విద్యాశాఖకు ఉందని నాకిప్పుడే తెలిసింది. ఫ్యామిలీ కోర్టులు నేర్చుకోవాలి.

తల్లిదండ్రులు ఇంతగా సహకరిస్తుంటే మిగతా లోకం ఊరుకుంటుందా? కోనసీమలో అయినవిల్లి వినాయకుడి సన్నిధిలో లక్ష కలాలకు పూజ చేసి పిల్లలకు పంచుతారు. స్వామి కలాన్ని దీవిస్తాడు సరే, పేపరు దిద్దేవారి కలం సంగతి ఎవరు చూస్తారు? నానబెట్టిన బాదంపప్పు, అక్రోట్లు తినిపించండని పత్రికల్లో పోషకాహార నిపుణులు రాస్తారు. సాయంత్రం స్పెషల్ క్లాసులో కూర్చునే సర్కారు బడి పిల్లలకు తెలంగాణ ప్రభుత్వం 2025లో చిరుతిండి కింద ఇచ్చింది తలకు రోజుకు 15 రూపాయలు. దానికి ఉడకబెట్టిన శనగలు, పల్లీ పట్టీ వస్తాయి. నన్నడిగితే ఈ మొత్తం హడావిడిలో కాస్త పనికొచ్చేవి ఆ శనగలే. ప్రధానమంత్రి గారి ‘పరీక్షా పే చర్చ’ 2018లో ఒత్తిడి తగ్గించడానికి మొదలై, 2025 నాటికి 3.53 కోట్ల రిజిస్ట్రేషన్లతో గిన్నిస్ రికార్డు కొట్టింది. మార్కుల వెంట పడొద్దని చెప్పడంలోనూ మనమే ఫస్టు రావాలి.

ఇక దత్తత. ఒక్కో ఉపాధ్యాయుడు సి గ్రేడు, డి గ్రేడు పిల్లల్ని కొందర్ని దత్తత తీసుకోవాలి. ఆస్తిలో వాటా అడగనంత కాలం ఇబ్బంది లేదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నేను ఓర్చుకోలేనిది ఆ దత్తత పిల్లల్ని ఫోను చేసి నిద్రలేపే వేకప్ కాల్.

ఆమధ్య నేనొక కొత్త సిమ్ తీసుకున్నాను. ఆ నెంబరు కొత్తది కాదని చలికాలం వచ్చాకగానీ తెలియలేదు. ఎవరైనా రీచార్జి చెయ్యలేక వదిలేసిన నెంబరును కొన్నాళ్ళాగి కంపెనీవాళ్ళు ఇంకొకరికి అంటగడతారు. నాకు అంటగట్టింది పదో తరగతి చదివే ఒక పిల్లాడి తండ్రి నెంబరు. తెల్లవారుజామున నాలుగున్నరకు మోగింది. ఆ వేళప్పుడు ఫోను మోగితే మా వయసువాళ్ళకు ముందు వచ్చే ఆలోచన ఒక్కటే: ఎవరు పోయారో అని.

“ఏం నాయనా, లేసినావా?” అన్నాడు ఎవరో. కర్నూలు యాస. గొంతులో నాకన్నా ఎక్కువ నిద్రుంది.

“ఎవరండీ?”

“లెక్కల సార్‌ను రా. మొగం కడుక్కోని బుక్కు తీయి.”

నాకు అరవై దాటాయనీ, త్రికోణమితితో తెగతెంపులై చాలా కాలమైందనీ మనవి చేసుకున్నాను. పాపం, నొచ్చుకున్నాడు. తప్పుగా అనుకోవద్దన్నాడు. మర్నాడు మళ్ళీ అదే వేళకు మోగింది.

“సార్, రికార్డులో ఇదే నెంబరుంది. మార్చాలంటే హెడ్మాస్టరు లాగిన్‌లో మార్చాల. అది ఓపెన్ కావడం లేదు. ఫోన్ చేసినట్టు స్క్రీన్‌షాట్ పెట్టకుంటే మమ్మల్ని అడుగుతారు.”

“పోనీ, నేను ఎత్తకపోతే?”

“ఎత్తకుంటే ఎందుకు ఎత్తలేదని మళ్ళా అడుగుతారు సార్. ఎత్తితేనే మేలు.”

అలా ఈ రాష్ట్ర విద్యా ప్రమాణాల పెంపుదలలో నాకూ ఒక పాత్ర దొరికింది. ఫోను మోగుతుంది, “లేచాను సార్” అంటాను, ఆయన టిక్కు పెట్టుకుంటాడు. ఆ మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాజధానికి వెళ్ళే నివేదికలో నేనొక క్రమశిక్షణ గల డి గ్రేడు విద్యార్థిని. నా హాజరు నూటికి నూరు. మా ఆవిడకు మాత్రం ఈ ఏర్పాటు నచ్చలేదు. నన్ను లేపితే లేపారు గానీ, ఏ దత్తతలోనూ లేని తననెందుకు లేపుతున్నారని ఆవిడ ప్రశ్న. దానికి సర్క్యులర్‌లో సమాధానం లేదు.

తర్వాత ఫోటో వచ్చి పడింది. లేచానని నోటితో చెబితే చాలదట. పుస్తకం ముందు కూర్చున్న ఫోటో, టైము కనబడేట్టు, వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. ఆ సంగతి చెప్పడానికి మాస్టారు చాలా ఇబ్బంది పడ్డాడు. “సార్, మీ ఇంట్లో ఎవరన్నా పిల్లోల్లు ఉంటే...” అని ఆగిపోయాడు. ఉన్నది ఇద్దరం పెన్షనర్లమే అన్నాను. ఆయన నిట్టూర్చాడు. నాకు కోపం రాలేదు. బడి మరుగుదొడ్ల ఫోటోలు, మధ్యాహ్న భోజనం ఫోటోలు యాప్‌లోకి ఎక్కించి ఎక్కించి పంతుళ్ళ చేతులు అరిగిపోయాయి. ఇప్పుడు నిద్రమొహాల వంతు వచ్చింది.

ఇలాంటి గ్రూపొకటి మా చుట్టాల టీచరమ్మ ఫోన్లో చూశాను. చూసి తీరవలసిన చిత్రకళా ప్రదర్శన అది. నెత్తి మీదినుంచి దుప్పటి కప్పుకుని సాంఘికశాస్త్రం పట్టుకున్నవాడొకడు. కళ్ళు మూసుకునే భౌతికశాస్త్రం చదివేస్తున్న యోగి ఒకడు. నిన్నటి ఫోటోనే ఇవాళ మళ్ళీ పెట్టినవాడొకడు. చొక్కా అదే, పేజీ అదే, పక్కన పడుకున్న పిల్లి కూడా కదల్లేదు. ఒక అమ్మాయి వెనకాల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. వండుతున్నది ఆ అమ్మాయే. తల్లి కూలికి పోయే వేళకు క్యారియరు సర్దాలి. మధ్యలో ఫోటో కోసం పుస్తకం పట్టుకుని కూర్చుంది. ఆ ఫోటో కింద హెడ్మాస్టరు గారి బొటనవేలు, రెండు చప్పట్లు.

ఫోటో వెళ్ళగానే పిల్లాడు మళ్ళీ ముసుగుతన్నుతాడని గ్రూపులో అందరికీ తెలుసు. ఫోను ఇంటికి ఒకటే, అది తండ్రి జేబులో ఆరింటికల్లా పనికి వెళ్ళిపోతుందనీ తెలుసు. అయినా ప్రతిరోజూ ఫోటోలు వస్తాయి, పైకి వెళతాయి, పైవాళ్ళు చూసి ఇంకా పైకి పంపుతారు. ఈ వరస ఎక్కడ ఆగుతుందో, అక్కడ కూర్చున్న పెద్దమనిషి నాలుగున్నరకు లేస్తాడా అని ఆ టీచరమ్మను అడిగాను. నవ్వి ఊరుకుంది. ఇంకా సర్వీసు ఉంది ఆవిడకు.

ఒకరోజు మా లెక్కల మాస్టారినే అడిగాను, ఇంతకూ నేను ఎవరి బదులు లేస్తున్నానని.

“వాళ్ళు సుగ్గికి పోయినారు సార్,” అన్నాడు. “గుంటూరు పక్క. పిల్లోడు గూడ పోయినట్టుండాడు.”

ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానాధారపు పంట తీరగానే కుటుంబాలకు కుటుంబాలు ఇళ్ళకు తాళాలేసి మిరప కోతలకు బండ్లెక్కుతాయి. పిల్లలూ ఎక్కుతారు. ఏటా జరిగేదే. ఆ జిల్లాలో పనిచేసిన ప్రతి అధికారికీ తెలిసిందే. చలికాలంలో వెళ్ళి ఎండలు ముదిరాక తిరిగొస్తారు. అంటే సరిగ్గా మన వంద రోజులు. 2024 పదో తరగతి ఫలితాల్లో కర్నూలు జిల్లా 62.47 శాతంతో ఆంధ్రప్రదేశ్‌లో అట్టడుగున ఉంది. ఆ పిల్లాణ్ణి నాలుగున్నరకు లేపక్కర్లేదయ్యా, మిరప చేలో వాడు అంతకన్నా ముందే లేస్తున్నాడు. వాడికి కావలసింది తల్లిదండ్రులు వెళ్ళినా తాను ఊళ్ళోనే ఉండి చదువుకునేందుకు ఒక హాస్టలు, అందులో రెండు పూటలా తిండి, ఆ హాస్టల్లో ఉండి పాఠం చెప్పే మనిషి. దానికి డబ్బు కావాలి. ఫోను కాల్ ఉచితం.

2025లో అల్లూరి సీతారామరాజు జిల్లా 47.64 శాతంతో చివరికొచ్చింది. అదే ఏడాది 93.90 శాతంతో మొదటి స్థానం పార్వతీపురం మన్యానిది. రెండూ గిరిజన జిల్లాలే, రెంటా కొండలే, రెంటా వాగులే. ఒకచోట సగానికి పైగా ఎందుకు తప్పారో, ఇంకోచోట ఇంతమంది ఎలా గట్టెక్కారో కూర్చుని తేల్చితే రాష్ట్రానికంతటికీ పనికొచ్చే సంగతులు బయటపడేవి. అలారం పెట్టడం అంతకన్నా తేలిక.

ఆరో తరగతిలో భాగహారం రాని పిల్లాణ్ణి ఏడుకూ ఎనిమిదికీ తొమ్మిదికీ తోసిందెవరు? లెక్కల పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఆ పీరియడ్‌ను డ్రిల్లు పీరియడ్ చేసిందెవరు? ఇన్నేళ్ళూ చెప్పని చదువు డిసెంబరులో హఠాత్తుగా గుర్తొచ్చి, ఆ బాకీ అంతా పిల్లాడి నిద్రలోంచి వసూలు చేస్తున్నారు. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరమని వైద్యులు మొత్తుకుంటారు. పొద్దుగూకే దాకా స్పెషల్ క్లాసు, ఇంటికొచ్చి రాత్రి పదకొండు దాకా చదువు, మళ్ళీ నాలుగున్నరకు ఫోను. అయిదున్నర గంటలు. ఇలా నూరు రోజులు చేస్తే పెద్దవాళ్ళం మనం తూలి పడతాం. వాడు మాత్రం ద్విగు సమాసాలు బట్టీ పట్టాలి.

పట్టేదైనా ఏమిటి? డి గ్రేడు పిల్లాడి చేతిలో పెట్టేది పాఠ్యపుస్తకం కాదు, పాసు మార్కుల మెటీరియల్. తప్పకుండా వచ్చే ప్రశ్నలు, పటంలో గుర్తించాల్సిన నాలుగు నదులు, ఒక ఉత్తరం, ఒక గ్రాఫు. 35 దాటితే వాడితో పని అయిపోయింది. పదేళ్ళు బడికి పంపించిన తండ్రికి మనమిచ్చే జవాబు ఆ జిరాక్సు కాగితాల కట్ట. ఇదే బిడ్డ కలెక్టరు గారింట్లో పుడితే ఆ కట్టను ఆయన గుమ్మం లోపలికి రానిస్తారా?

ప్రైవేటు బడుల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. అక్కడ ఫోను అవసరం లేదు, హాస్టల్లో విజిలుంది. ర్యాంకుల ప్రకటనలు వేసుకుంటే మూడు నుంచి ఏడేళ్ళ జైలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జూన్‌లో ప్రకటించింది. ఫలితాల మర్నాడు ఏ పేపరైనా తిరగేసి, ఎవరు జైల్లో ఉన్నారో మీరే చూసుకోండి.

పరీక్షలకు కుటుంబం కూడా సిద్ధంగా ఉండాలట. దేనికి? తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలిచ్చినప్పుడు తెలుగులో 99 రావలసిన అమ్మాయికి సున్నా వేశారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ టీవీ కట్టేసే ఉంటారు. 2024లో ఆదిలాబాద్ జిల్లాలో ఆలస్యమైందని ఒక ఇంటర్ కుర్రాణ్ణి పరీక్ష హాల్లోకి రానివ్వలేదు. వాడు పోయాకగానీ అయిదు నిమిషాల వెసులుబాటు ఇవ్వాలని బోర్డుకు తోచలేదు. 2025లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి జవాబు పత్రాలు మళ్ళీ చూస్తే వేల పత్రాల్లో మార్కులు మారాయి. అలా చూడమని అడగడానికి సబ్జెక్టుకు వెయ్యి రూపాయలు కట్టాల్సి వచ్చింది. మిరప కోతల్లో వెయ్యి రూపాయలు ఎన్ని రోజుల కూలో ఆ రుసుము నిర్ణయించినవారు లెక్క వేశారా? 2020లోనూ 2021లోనూ కరోనా పుణ్యమా అని అందరినీ పాస్ చేశారు. కొంపలేమీ మునగలేదు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్నారు, బ్యాంకులో నా పాస్‌బుక్కు ప్రింటు తీసిచ్చింది వాళ్ళలో ఒకరేనేమో కూడా.

అందుకే అంటున్నాను, ఇంటిని బడిగా మార్చండని ఇళ్ళకు ఉత్తరాలు రాసే ముందు బడిని బడిగా ఉంచండి. పొయ్యి దగ్గర కూర్చున్న ఆ అమ్మాయి తల్లికి ‘వాతావరణం కల్పించండి’ అని సలహా ఇవ్వడానికి సిగ్గుండాలి. ఆ తల్లి చేతిలో ఉన్న వాతావరణం ఒక గది, ఒక బల్బు. మిగతాది కల్పించాల్సింది జీతం తీసుకుంటున్నవాళ్ళు.

ఏప్రిల్‌లో ఫలితాలు వస్తాయి. పాసైన శాతం కలెక్టరు గారి ఖాతాలో పడుతుంది, తప్పినవాడు తల్లిదండ్రుల ఖాతాలో. మీరు సరిగా పట్టించుకోలేదు, ఫోటోలు కూడా పంపలేదు అంటారు. ఆ తర్వాత మే నెలలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. ఎవరైనా ఒక మనిషి ఫోను చేసి, పోనీలే రా, మళ్ళీ రాద్దాం, రేపు ఇంటికి రా అని చెప్పాల్సిన నెల ఏదైనా ఉంటే అదే. సెలవుల్లో క్లాసులు పెట్టండని ఒక కాగితం వస్తే వస్తుంది. దత్తత తండ్రి, బదిలీలున్న ఏడాదైతే, కౌన్సెలింగ్ జాబితాలో తన పేరు ఎన్నోదో వెతుక్కుంటూ ఉంటాడు. ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ, అపరాధ రుసుముతో ఆఖరు తేదీ పేపర్లన్నీ వేస్తాయి. ఫోను మాత్రం ఒక్కరూ చెయ్యరు. సప్లిమెంటరీలో మీ జిల్లాకు ఎన్నో స్థానమని ఏ మంత్రీ, ఏ విలేకరీ అడగడు కదా.